పందెం ఎప్పుడు రెట్టించాలని అడిగావు కదా

స్పార్క్స్, నెవాడా
జనవరి 23, 1965

అమ్మాయి లావోన్‌కి, ఇప్పుడు నీ ఒళ్లో పడుకుని ఉన్న చిన్న దొరసానికి, అల్లుడు గోర్డన్‌కి నాన్న దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. మీరు ముగ్గురూ చల్లగా ఉన్నారని టెలిగ్రామ్‌లో చదివాక ఇంకా బాగున్నాను. ఆడపిల్లట, తల నిండా నల్లటి జుట్టుట! టెలిగ్రామ్ తెచ్చినాయన సంతకం పెట్టమంటే నా పేరుకు బదులు నీ పేరు రాశాను. ఆయన చూసి, "తాతయ్యవయ్యావా ఏంటి?" అన్నాడు. నా మొహం మీద రాసి ఉన్నట్టుంది.

ఒక చిన్న కోరిక, తల్లీ. ఇది పొడుగాటి ఉత్తరం. పాపకి పాలిచ్చి పడుకోబెట్టాక చదువు. గోర్డన్‌ని పక్కన కూర్చోమను. నేను అతనికి చెప్పే ఉంచాను. ఎందుకని ఇప్పుడే అడగకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అవును, ఇక్కడ మంచు బాగా పడింది. కనుమ దగ్గర రైళ్లు ఆగిపోతే రైల్వే యార్డులో ఉన్న మా అందరి చేతికీ పారలిచ్చి పంపారు. ఈ వయసులో నీకు మంచు తవ్వే పనేంటని కోప్పడతావని తెలుసు. నేను పార పట్టుకుని నిలబడ్డాను, తవ్వింది పడుచువాళ్లు. నువ్వు పంపిన ఉన్ని చేతితొడుగులు సరిగ్గా సరిపోయాయి. మన టకర్‌కి ఒక కన్ను మసకబారింది. అయినా పోస్టుమ్యాన్ సందు మలుపు తిరగ్గానే ఆ మిగిలిన కంటితోనే కనిపెట్టి మొరుగుతున్నాడు. కుక్కలకి పెన్షన్ ఉంటే వాడికి ఎప్పుడో ఇచ్చేవాళ్లు. ఆర్విల్ రిటైరయ్యాడా అని అడిగావు. లేదు. అమ్మ పేకాట క్లబ్బులో బల్లల వెనక చేతులు కట్టుకుని నిలబడి అందరి మీదా ఓ కన్నేసి ఉంచడం తప్ప ఆ మనిషికి వేరే పని చేతకాదు. ఇంటికెళ్తే వాళ్లావిడ వెనక నిలబడాలి, ఆవిడ ఊరుకోదు.

ఇక అసలు ప్రశ్న. కదలకుండా పడుకోమన్నారనీ, పొద్దుపోక హెడ్విగ్ నర్సుతో వాల్‌నట్ కాయలు పందెం కాసి ఇరవై ఒకటి ఆడుతున్నాననీ రాశావు. చదివి నవ్వాను. ఇరవై ఆరేళ్లు ఆ ఆట పంచిన మనిషి మీ అమ్మ. ఇంట్లో నిన్ను పేక ముట్టనిచ్చేది కాదు. "నా చేతికి అంటిన మసి చాలు, పిల్లకెందుకు?" అనేది. చివరికి నువ్వు జర్మనీలో ఆసుపత్రి మంచం మీద నేర్చుకున్నావు. "పందెం ఎప్పుడు రెట్టించాలో అమ్మనడిగి రాయి నాన్నా, హెడ్విగ్ నా కాయలన్నీ నొల్లేసుకుంటోంది" అన్నావు.

జవాబు నాకు తెలుసు. అమ్మ నాకు మొదటిసారి చెప్పింది మేం ఒకరికొకరం ఎవరమో తెలియనప్పుడు. ఆ సంగతి నీకు సగమే తెలుసు, మిగతా సగం కూడా చెప్తాను.

అప్పుడు నేను ఆవిరింజను మీద బొగ్గు వేసేవాణ్ని. జీతం అందిన రోజు కుర్రాళ్లతో కలిసి రీనో వెళ్లి, వర్జీనియా వీధిలో అమ్మ పనిచేసే క్లబ్బులో దూరాను. ఆడవాళ్లు పేక పంచడం అప్పుడప్పుడే మొదలైంది. చూడ్డానికే సగం ఊరు వచ్చేది. అమ్మ విన్నెమక్కా దగ్గర పశువుల దొడ్లో పెరిగిన పిల్ల, పెద్ద కాలర్ ఉన్న తెల్ల చొక్కా వేసుకుని బల్ల వెనక నిలబడి ఉంది. నేను ఒక వెండి డాలరు పెట్టాను. నాకు ఐదు, ఆరు వచ్చాయి. మొత్తం పదకొండు, ఇరవై ఒకటి దాటకుండా దాని దగ్గరికి చేరడానికి ఇంతకంటే మంచి చెయ్యి లేదు. అమ్మ ముందు వెల్లకిలా ఉన్న ముక్క కళావరు ఆరు.

"ఒక ముక్క" అన్నాను.

ఆమె ముక్క వెయ్యలేదు. "ఉత్త ముక్కేనా?" అంది.

"ఉత్త ముక్కే."

"పందెం అలాగే ఉంచుతావా?"

"అలాగే."

వెనక నుంచి ఆర్విల్ దగ్గాడు. పంచేవాళ్లు ఆడేవాళ్లకి సలహా చెప్పకూడదు, అది అక్కడి నియమం. ఆమె మూతి బిగించి ముక్క వేసింది. ఇస్పేటు రాజు! ఇరవై ఒకటి. నేను ఒక్క డాలరు గెలిచి, ఊరు గెలిచినట్టు నవ్వాను. ఆమె ఆ డాలరు నా వైపు తోస్తూ ఉండబట్టలేక అనేసింది: "ఏమయ్యా, దేవుడు నీకు గుర్రాన్నిచ్చినా కళ్లెం పట్టుకుని నడిచే పోతావా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ మాటకి ఆర్విల్ ఆ వారమంతా అమ్మని ఎవరూ రాని మూల బల్లకి పంపాడు. నేను ఆ వారమంతా మూల బల్లకే వెళ్లాను.

హెడ్విగ్‌తో ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకో. నీ రెండు ముక్కలూ కలిపి పదకొండైతే కళ్లు మూసుకుని రెట్టించు. పేకలో పది విలువున్నవే ఎక్కువ: పదులు, జాకీలు, రాణులు, రాజులు. ఒక్కటి తగిలితే చాలు. పది వస్తే, పంచేమనిషి ముందు పది విలువున్న ముక్కో ఆసో లేనప్పుడు రెట్టించు. తొమ్మిదికి మా క్లబ్బుల్లో రెట్టించనివ్వరు. మీవి వాల్‌నట్ కాయలు కాబట్టి ఎదుట మూడు నుంచి ఆరు దాకా ఏదైనా ఉంటే కానివ్వు. నాలుగో ఐదో ఆరో చూపిస్తున్న పంచేమనిషి ఇరుకులో ఉన్నట్టు. పదిహేడు చేరేదాకా ముక్కలు తీస్తూనే ఉండాలి, తీస్తే ఇరవై ఒకటి దాటే ప్రమాదం ఎక్కువ. ఒక్కటి మర్చిపోకు. రెట్టించాక నీకు వచ్చేది ఒకే ముక్క. దాన్ని కూడా బోర్లా పెడతారు. రెండొచ్చినా రాజొచ్చినా ఇంకోటి అడగడానికి ఉండదు.

ఇవి లెక్కలు. అసలు సంగతి లెక్కల్లో లేదు. అమ్మ డ్యూటీ దిగి వచ్చి, ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎన్నోసార్లు అనేది: "ఓడిపోతున్నవాళ్లే రెట్టిస్తారు, వెర్లిన్. పోయింది రాబట్టుకుందామని. బలం చేతిలో ఉన్నప్పుడు మాత్రం చేతులు వణుకుతాయి. రెట్టించాల్సింది బలంగా ఉన్నప్పుడయ్యా. భయమేసినప్పుడు కాదు." ఆమె ఎదుటే ఇల్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ముక్కలు పంచేటప్పుడు మొహంలో ఏమీ కనిపించనిచ్చేది కాదు. ఇంటికొచ్చి వాళ్ల పేర్లు చెప్పి ఏడ్చేది.

నా సంగతి నీకు తెలుసు. ఆగ్డెన్‌లో నన్ను ఫోర్మన్‌ని చేస్తామన్నప్పుడు వద్దన్నాను. ట్రకీ నది ఒడ్డున తోట చవగ్గా వస్తుంటే, అమ్మ రోజూ దాని సంగతే మాట్లాడుతుంటే, మంచి రోజులు రానియ్యి అన్నాను. మేం ఇద్దరం గట్టిగా ఉన్న రోజులవి, చేతిలో పదకొండు ఉన్నట్టే. నేను చాలన్నాను. అమ్మ సాధించలేదు. "మళ్లీ గుర్రం దిగావా?" అని నవ్వి ఊరుకునేది. నది వైపు ఎప్పుడు వెళ్లినా ఆ తోట వైపు మాత్రం తలెత్తి చూసేది.

ఇప్పుడు నీ ఇంకో ప్రశ్న. అమ్మ చెయ్యి నయమైందా, ఇస్త్రీపెట్టె అంటుకున్న చెయ్యికి ఇన్నాళ్లు పడుతుందా, కనీసం కింద ఒక్క ముక్క తన చేత్తో రాయొచ్చు కదా అని అడిగావు.

అమ్మకి ఇస్త్రీపెట్టె అంటుకోలేదు, లావోన్. అది నేను అల్లిన మాట.

క్రిస్మస్ ఉత్తరంలో అమ్మ ఆపిల్ పై చేసిందని రాశాను. ఆ పై డెల్ఫీన్ పిన్ని చేసి తెచ్చింది. అప్పటికి అమ్మ లేదు. డిసెంబర్ మొదట్లో, ఒక మంగళవారం పొద్దున పోయింది.

ఇది రాసి కాసేపు పెన్ను కింద పెట్టాను. నువ్వూ కాసేపు ఆగు. గోర్డన్ చెయ్యి పట్టుకో. తర్వాత మొదటి నుంచీ చెప్తాను, ఏమీ దాచను.

వేసవిలో మొదలైంది. క్లబ్బులో పంచుతూ పంచుతూ అమ్మ చేతిలోంచి పేక జారి నేల మీద చెల్లాచెదురైందట. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. కడుపులో పోటు ఉన్నట్టుండి తన్నుకొచ్చిందని తర్వాత చెప్పింది. ఆర్విల్ వంగి ముక్కలన్నీ తనే ఏరి, "ఇంటికెళ్లు ఆర్డిత్" అన్నాడట. మనిషి మారు మాట్లాడకుండా వచ్చేసింది. అప్పుడే నాకు భయమేసింది. అమ్మ మారు మాట్లాడకపోవడం ఎప్పుడైనా చూశావా?

ఇక్కడి డాక్టర్ పుండేమో అన్నాడు. ఎక్స్‌రే ఫోటోలు తీశాక మాట మార్చాడు. సాన్ ఫ్రాన్సిస్కో పంపాడు. అక్కడి పెద్ద డాక్టర్ మంచివాడే, దాచలేదు. కాన్సర్, పక్కలకి పాకింది అన్నాడు. పెద్ద ఆపరేషన్ ఒకటుంది, చేస్తే చాలామంది బల్ల మీదే పోతారు, ఏ ఒకరిద్దరో లేస్తారు, లేచినవాళ్లకి ఏడాదో రెండేళ్లో దక్కుతాయి అన్నాడు. చెయ్యకపోతే కొద్ది నెలలు. అందులో సగం పర్వాలేదు, మిగతా సగం కష్టం.

తిరిగి వచ్చే రైల్లో అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను డాక్టర్ మాటలే తిరగేస్తున్నాను. కొలిమి దగ్గరైనా చెమట పట్టని నాకు, నీకు తెలుసు కదా, ఆ రోజు చొక్కా తడిసిపోయింది. ఇల్లు చేరాక వంటగదిలో అన్నాను: "చేయించుకుందాం ఆర్డిత్. ఉన్నదంతా పెడదాం. ఇల్లు అమ్ముదాం."

అమ్మ బంగాళాదుంపలు తొక్కతీస్తోంది. "ఉన్నదంతా పెడతావా? నువ్వా?" అంది.

"నేనే. నువ్వే కదా అంటావు, జీవితంలో ఒక్కసారైనా రెట్టించవేంటయ్యా అని."

కత్తి పక్కన పెట్టింది. నా వైపు తిరిగింది. "నా చేతిలో ఏముందనుకుంటున్నావు? పదకొండా? పదహారుంది, వెర్లిన్. ఎదుట రాజు కూర్చున్నాడు. ఆ చేతికి ఎవరూ రెట్టించరు. నువ్వు ఆడాలని చెప్పడం లేదు, భయపడి చెప్తున్నావు. ఆ మొహం నాకు తెలుసు. నా బల్ల ముందు రోజూ కూర్చునే మొహమే."

"నన్ను వాళ్లతో పోలుస్తావా?"

"పోల్చడం లేదు. నువ్వు వాళ్లలా అవ్వకూడదనే చెప్తున్నాను."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల కాపురంలో అమ్మ మీద అరిచింది రెండో మూడోసార్లు. ఆ రోజు అరిచాను. నువ్వు బతకాలనుకోవడం లేదు అన్నాను. పిరికిదానివి అన్నాను. నేను, ఆమెని పిరికిది అన్నాను! అమ్మ అటు తిరిగింది. మళ్లీ దుంపలు తొక్కతీసింది. నేను టోపీ పెట్టుకుని బయటికి నడిచాను.

ఎక్కడికెళ్లానో ఊహించగలవా? ఆమె క్లబ్బుకే. ఆమె బల్లకే. అక్కడ అమ్మ బదులు మీ పిన్ని డెల్ఫీన్ పంచుతోంది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేసింది. జేబులో ఉన్నదంతా బల్ల మీద పెట్టాను. మనసులో ఒక్కటే అనుకున్నాను: గెలిస్తే ఆర్డిత్‌ని ఎత్తుకుని అయినా సాన్ ఫ్రాన్సిస్కో తీసుకెళ్తాను. దేవుణ్ని అడగాల్సింది పేకని అడిగాను. నాలాంటి మనిషి అలా దిగజారతాడని నేనే అనుకోలేదు.

కాసేపు ఏవేవో ముక్కలు వచ్చాయి, పోయాయి. తర్వాత ఏడు, నాలుగు వచ్చాయి. పదకొండు. డెల్ఫీన్ ముందున్న ముక్క ఆరు. మొదటి రోజు నేను వదిలేసిన చెయ్యే, లావోన్. ఎంత పెట్టానో అంతకి అంత పక్కన పెట్టాను. "రెట్టింపు" అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు.

డెల్ఫీన్ ముక్క బోర్లా పెట్టింది. తన రెండో ముక్క తిరగేసింది. పది. పదహారైంది. ఇంకోటి తీయాలి. తీసింది. ఐదు. ఇరవై ఒకటి.

నా ముక్క తిప్పింది. ఆఠీను మూడు. మొత్తం పద్నాలుగు.

డెల్ఫీన్ నా డబ్బు వెనక్కి లాగుతూ నా మొహం చూడలేకపోయింది. "బావా, సరిగ్గానే ఆడావు" అంది చిన్నగా. ఆర్విల్ వెనకే ఉన్నాడు. విన్నాడు. ఈసారి దగ్గలేదు. నా భుజం పట్టుకుని లేపి, తన కారులో ఇంటి దగ్గర దింపాడు. దిగేటప్పుడు, "నా దగ్గర పంచినవాళ్లలో ఆర్డిత్ అంతటి మనిషి లేదు" అని, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

అమ్మ దుంపల కూర నాకోసం మూతపెట్టి ఉంచింది. ఎదురుగా కూర్చుంది. అంతా చెప్పేశాను. పందెం కాసింది డబ్బు కాదనీ, ఆమెననీ కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ముందు కళ్లు తుడుచుకుంది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"పదకొండు, ఎదుట ఆరు, రెట్టించావా?"

"రెట్టించాను."

"ఓడిపోయావా?"

"ఓడిపోయాను."

"ఓరి నా మొగుడా! ఇన్నేళ్లకి ఒక్కసారి సరిగ్గా ఆడితే మూడొచ్చిందా?" నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది, నొప్పితో. అప్పుడు నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అంది: "విను. నువ్వు తప్పు ఆడలేదు. రేపు మళ్లీ అదే చెయ్యి వస్తే మళ్లీ రెట్టించాలి. సరిగ్గా ఆడటం వేరు, గెలవడం వేరు. గెలవడం మన చేతిలో లేదు. నేను కత్తి కిందకి వెళ్లను, వెర్లిన్. ఉన్న పొద్దులన్నీ ఈ వంటగదిలో కాఫీ తాగుతూ గడుపుతాను. ఓడిపోతే ఓడిపోతాను. కానీ తప్పు ఆడను."

ఆ తర్వాత నేను ఆపరేషన్ మాట ఎత్తలేదు.

ఎత్తింది నీ మాట. లావోన్‌కి చెప్పాలన్నాను. వద్దంది. అప్పటికే నీకు రెండు కాన్పులు పోయి ఉన్నాయి. మూడోది నిలబడాలంటే మంచం దిగకూడదనీ, మనసు కుదుటగా ఉండాలనీ అక్కడి డాక్టర్ చెప్పాడని నువ్వే రాశావు. "అది నా కూతురు. తెలిస్తే ఆగుతుందా? ఈదుకుంటూ అయినా వచ్చేస్తుంది" అంది అమ్మ. నేను చెప్పకపోవడం పాపమన్నాను. "ఆ పాపం నాది. నువ్వు ఉత్తరాలు రాసిపెట్టు చాలు" అంది. నాకు మనసొప్పక గోర్డన్‌కి రాశాను. అతను సైనిక బేస్ నుంచి ఫోన్ చేశాడు. సముద్రం హోరులాంటి ఆ చప్పుడులో అతను ఏడవడం విన్నాను. డాక్టర్‌ని అడిగి చెప్తానన్నాడు. అడిగాడు. డాక్టర్ వద్దన్నాడు. అతని మీద కోపం పెట్టుకోకు. రోజూ నీ మంచం పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడి, బయటికెళ్లి గోడకి ఆనుకుని నిలబడేవాణ్నని రాశాడు. నీకంటే, నాకంటే అతనే ఎక్కువ మోశాడు.

నీ కోసమే అమ్మ ఆపరేషన్ వద్దందని మాత్రం అనుకోకు. నేనూ ఒకసారి అలా అన్నాను. "నేనంత త్యాగమూర్తిని కాదు, నాకు కత్తంటే అసహ్యం" అని కసిరింది. నిజం చెప్పిందో, నీ మీద బరువు పడకూడదని అందో నాకు తెలియదు. నీకు తెలుస్తుందేమో.

అక్టోబర్ దాకా బాగానే ఉంది. పొద్దున్నే వంటగదిలో ఎండ పడే కుర్చీలో కూర్చునేది. నీ ఉత్తరాలు నాతో గట్టిగా చదివించుకునేది. పాప తన్నుతోందని నువ్వు రాసిన భాగం వచ్చినప్పుడల్లా, "మళ్లీ చదువు" అనేది. డెల్ఫీన్ డ్యూటీ అయ్యాక వచ్చి క్లబ్బు కబుర్లన్నీ చెప్పేది. ఒకరోజు నేను పాత అప్పు తీర్చినట్టు ఆ నది పక్క తోటకి కారులో తీసుకెళ్లాను. ఇప్పుడు వేరేవాళ్లది. కంచె ఇవతల కారు ఆపాను. ఆపిల్ పళ్లు విరగకాశాయి. నేను క్షమించమన్నాను. "ఊరుకోవయ్యా, కాయలు కోయలేక చచ్చేవాళ్లం" అంది. చాలాసేపు మాత్రం చూసింది.

నవంబర్లో మంచం పట్టింది. ఆ రోజులు నీకు రాయను. డెల్ఫీనూ నేనూ దగ్గరే ఉన్నాం, నొప్పికి ఇంజెక్షన్లు ఇచ్చారు, ఒంటరిగా లేదు. అంత వరకు తెలిస్తే చాలు. ఆ మంగళవారం పొద్దున కాఫీ వాసన వస్తోందంది. ఒక చెంచాడు పట్టాను. మింగింది. "చేదు చాల్లేదు" అంది. నేను పంచదార వెయ్యని కప్పు తెద్దామని వంటగదిలోకి వెళ్లాను. వచ్చేసరికి అయిపోయింది. ఆ కప్పు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఖననం కొండవాలు శ్మశానంలో జరిగింది. క్లబ్బులో డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే తెల్ల చొక్కాలతో వచ్చారు. ఎక్కాల్సినవాళ్లు కూడా వచ్చారు. ఆర్విల్ ఆ గంటసేపు ఇరవై ఒకటి బల్లల మీద బట్టలు కప్పించాడట. ఆ క్లబ్బు తలుపులకి తాళం వెయ్యడం తెలియదు, బల్లలు ఖాళీగా ఉంచడం తెలియదు. యజమాని ఏమన్నాడో ఆర్విల్ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నీకు రెండు ఉత్తరాలు రాశాను, అమ్మ ఉన్నట్టు. పై సంగతి రాస్తున్నప్పుడు ఆమె వెనక నిలబడి, "ఏలకులు వేశానని కూడా రాయి" అంటున్నట్టే అనిపించింది. అబద్ధం రాసేటప్పుడు చెయ్యి వణకలేదు, లావోన్. ఆ రెండు ఉత్తరాలు రాసినంతసేపూ ఆమె ఇంట్లో ఉంది. అందుకేనేమో అంత పొడుగ్గా రాశాను.

నీ టెలిగ్రామ్ వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరికి చెప్పాలో వాళ్లే లేరు. టెలిగ్రామ్ జేబులో పెట్టుకుని బస్సెక్కి రీనో వెళ్లాను. డెల్ఫీన్ చేతికిచ్చాను. ఆమె చదివి, ఆట మధ్యలో బల్ల మీద తలవాల్చి ఏడ్చేసింది. ఎదురుగా కూర్చున్న ఆటగాళ్లకి ఏమీ అర్థం కాలేదు. ఆర్విల్ వచ్చి ఆమె చేతిలో పేక తీసుకుని, వాళ్లకి తనే పంచడం మొదలుపెట్టాడు.

నువ్వు కోలుకున్నాక, రమ్మంటే వస్తాను. ఓడ ఎక్కడం నాకు తెలియదు, ఆగ్డెన్ దాటి తూర్పుకి ఎప్పుడూ వెళ్లలేదు. అయినా యార్డులో సెలవు అడిగి ఉంచాను. వద్దు, ఇప్పుడు నీ మొహం చూడలేను నాన్నా అంటే, రమ్మనేదాకా ఇక్కడే ఉంటాను. పాపకి ఏ పేరు పెడతావో నీ ఇష్టం. అమ్మ పేరు పెట్టాలని లేదు. బతికుండగా ఆమెకి ఆ పేరు నచ్చేది కాదు.

ఒక్క మాట మిగిలింది. చివరి ఆదివారం అమ్మ నాతో అంది: "దానికి తెలిశాక నన్ను తిడుతుంది, వెర్లిన్. బాగా తిడుతుంది. నువ్వు నా తరఫున మాట్లాడకు. ఎందుకు చేసిందో తెలుసా అని మొదలుపెట్టకు. దాని నోటికి అడ్డం వెళ్లకుండా కడదాకా విను. తిట్టడానికి కూడా అమ్మ లేకపోతే ఎట్లా?"

తిట్టు తల్లీ. రాసి తిట్టు, నేను వచ్చాక ఎదురుగా నిలబెట్టి తిట్టు. నేను వింటాను.

ఇట్లు,
నీ నాన్న,
వెర్లిన్